వంశమునుండి వచ్చునది దురద కాదు

వరంగల్లులోగాని హనుమకొండలోగాని దీర్ఘకాలపు దురద మాట వచ్చిన ఇంట తుదకు వినవచ్చు తీర్పు ఒక్కటే: "మా నాయినకుండె, మా తాతకుండె, ఇది మా రక్తంలనే ఉన్నది." తీర్పు వెలువడిన పిమ్మట శిక్ష మొదలగును. వంకాయయు చేపయు మానిపింతురు. రక్తశుద్ధికని చేదుకషాయములు త్రావింతురు. అప్పటికిని తగ్గకున్నచో జాతకము విప్పి, సర్పదోషము కనుగొని, పుట్టలో పాలు పోయింతురు. 1959లోనే కాకతీయ వైద్యకళాశాల వెలసిన ఊరిలో ఈ పాలు ఇంకను పోయబడుచుండుట చూచి నాకు పామునకంటె పాలమీదనే జాలి కలుగును. కుటుంబములలో సంక్రమించు దురదలలో హెచ్చుభాగమునకు రక్తముతో నిమిత్తము లేదు. తండ్రినుండి బిడ్డకు దిగునది దురదకు దారియిచ్చు బలహీనమైన చర్మపు గోడ.

అయితే వంశమును బోనులో నిలుపుటకు ముందు ఇంటి దుప్పటిని విచారింపవలెను. ఇంటిల్లిపాదికిని కొద్ది వారములలోనే దురద పుట్టి, రాత్రివేళ హెచ్చి, వ్రేళ్ళ సందులలోను మణికట్టులపైనను పొక్కులు లేచినచో అది గజ్జి యని మొదట అనుమానింపవలెను. దానిని కలిగించు సూక్ష్మకీటకమును 1687లోనే ఇటలీ వైద్యుడు బొనోమో వర్ణించి యున్నాడు. ఇంటనున్న వారందఱును, దురద లేనివారితో సహా, ఒకే రాత్రి మందు పూసికొనినచో మూడుతరముల "వంశపారంపర్యము" నెలదినములలో మాయమగుట ఎఱిగిన వైద్యులు కలరు. తామర సంగతియు నింతే. మందులదుకాణమున అడిగి తెచ్చుకొను స్టెరాయిడు ట్యూబు దానిని చల్లార్చినట్లే చల్లార్చి మఱింత ప్రబలజేయును.

ఇక నిజముగా వంశానుగతమైన దానికి వచ్చెదము. ఓరుగల్లు కోట చూచినవారికి దీనిని చెప్పుట సులభము. గణపతిదేవుడు కట్టింపగా రుద్రమదేవి యెత్తు పెంచిన ఆ రాతిగోడలో సున్నము లేదు. రాళ్ళను ఒకదానిలో నొకటి ఒదుగునట్లు చెక్కి పేర్చుటలోనే దాని బలమంతయు నున్నది. చర్మపు పైపొరయు నిట్లే కట్టబడినది. అడుగున పుట్టిన కణములు క్రమముగా పైకి జరుగుచు, మృతినొంది, పలుచని పలకలై పేరుకొనును. కణమును పలకగా చెక్కు శిల్పి ఫిలాగ్రిన్ అను ప్రొటీను. అది కణములోని కెరటిన్ పోగులను కట్టలుగా బిగించి కణమును చదును చేయును. పని ముగియగానే తాను ముక్కముక్కలై, నీటిని పట్టియుంచు పదార్థములుగా మాఱును. తన దేహమునే కరగించి గోడకు తేమయిచ్చిన శిల్పి కాకతీయుల కొలువున ఒక్కడును ఉండియుండడు. రాళ్ళ నడుమ కొవ్వు పదార్థములు సున్నమువలె నుండుటచే నా పోలిక ఇచ్చట కొంత కుంటుపడును గాని దానిని విడుచుటకు మనసొప్పదు.

ఈ శిల్పిని పుట్టించు జన్యువు ఒకటవ క్రోమోజోముపై నున్నది. దానిలోని లోపములే పొలుసుబాఱు పొడిచర్మమునకు కారణమనియు, ఎగ్జిమాకు దోహదకరములనియు 2006లో స్కాట్లండునందలి డండీ పరిశోధకులు నిరూపించిరి. ఒక ప్రతి చెడినచో గోడ బీటలు వాఱును. రెండును చెడినచో కూలినంతపని యగును. బీటలనుండి లోని నీరు వెలికిపోవును. సబ్బు, దుమ్ము, సూక్ష్మజీవులు లోనికి చొచ్చును. లోపలి భటులు శత్రువెవ్వరో ఎఱుగక ఊరిలోనే కల్లోలము రేపుదురు. అప్పుడు మ్రోగు గంటయే దురద. గోకుట యనగా కోటలోనివారే గోడరాళ్ళు పెఱికి శత్రువుపై విసరుట.

ఇట్టివారి పిక్కలు చలికాలమున పొలుసులు లేచును, అరచేతి గీతలు మితిమీఱి చిక్కగా నుండును. అరచేతిలో నిజముగా చదువదగిన జాతకము ఇదొక్కటే, దానిని చదువగల సాముద్రికుని నేనింకను చూడలేదు. అట్లని ఈ లోపమున్న వారందఱికిని ఎగ్జిమా రాదు. ఎగ్జిమా వచ్చిన వారిలో అనేకులకు ఈ లోపమే ఉండదు.

వంశమున కనబడినదానినెల్ల వెంటనే ఒక క్రోమోజోమున కంటగట్టు తొందర పండితులకును తప్పలేదు. 1957లో కలకత్తాకు వచ్చిన జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేనుకు శిష్యుడైన మన ద్రోణంరాజు కృష్ణారావు, చెవి అంచులపై రోమములు మొలచు కుటుంబముల వంశవృక్షములు గీసి, ఆ లక్షణము తండ్రినుండి కొడుకునకే పోవుటను బట్టి అది వై క్రోమోజోమునకు చెందినదని 1960లో ప్రకటించెను. పాఠ్యపుస్తకములు దానిని చిరకాలము వల్లించినవి. 2004లో ఆ క్రోమోజోములనే పరీక్షింపగా వాదము నిలువలేదు. అయినను ఆంధ్రదేశపు మేనరికములపై ఆయన చేసిన పరిశోధన నాకు మిక్కిలి ప్రియము, మన కథలో దానికి చోటును కలదు. మేనమామకు మేనకోడలికి జన్యువులలో నాల్గవవంతు, మేనబావకు మరదలికి ఎనిమిదవవంతు సమానము. కావున ఇరువురిలోను దాగిన ఒకే లోపము బిడ్డలో జంటగా కలియుటకు మేనరికమున అవకాశమెక్కువ. పిత్తలవణములను కాలేయకణమునుండి వెలికి నెట్టు ప్రొటీనును పుట్టించు జన్యువు అట్లు రెండుప్రతులును చెడినచో, ఒంటిపై ఒక్క దద్దురైన లేకయే పసిబిడ్డ రాత్రులు నిదురమాని గోకికొనును. ఈ దురదకు మూలము చర్మమున లేదు, కాలేయమున నున్నది. పుట్టలో పాలుపోయుచు గడపిన నెలలలో ఆ కాలేయము పాడగును.

గోడ సరిగానే యుండి గంటయే చెడు వంశములును కొన్ని కలవు. ఇంటర్‌ల్యూకిన్-31 అను దురదవార్తను అందుకొను గ్రాహకపు జన్యువులో లోపమే కొన్ని కుటుంబముల పిక్కలపై, వీపుపై నల్లని మచ్చలతో కూడిన దురదకు హేతువని 2008లో తేలినది. నైలాన్ పీచుతో వీపు తోముటవలన, వంశమున ఏ లోపమును లేనివారికి సైతము ఇట్టి మచ్చలు రావచ్చును.

గోడ బలహీనమైనవారు గోరువెచ్చని నీట త్వరగా స్నానము ముగించి, సబ్బు తగ్గించి, ఒంటితడి ఆఱకమునుపే కొబ్బరినూనెయో వాసెలినో పూసికొనవలెను. సున్నిపిండితో రుద్దుట మానవలెను. పచ్చకామెరలతో, దద్దుర్లు లేని దురదతో ఒక బిడ్డ బాధపడిన దంపతులు మఱియొక కాన్పుకు ముందే హైదరాబాదు నిమ్స్ వంటి చోట జన్యువైద్యులను సంప్రదింపవలెను. వెంట తీసికొనిపోవలసినది రెండువైపుల తాతలవఱకు గీసిన వంశవృక్షము, దొరకినచో ఆ బిడ్డ రక్తపరీక్షల కాగితములు.