పురుగు పోయినను దురద ఏల పోదు?

సాయంకాలము మదనపల్లె టమాట తోటలలోగాని, పుంగనూరు పశువుల కొట్టముల దగ్గరగాని, కుప్పము వైపు మల్బరీ తోటలలోగాని కొంతసేపు నిలిచినచో ఏదో పురుగు చురుక్కున కుట్టును. అప్పటికి మనము పట్టించుకొనము. మరునాడు అచ్చట ఎర్రని దద్దు లేచి, గోకినకొలది దురద హెచ్చును. దీనినే 'నవ' అనియు అందురు. కుట్టిన పురుగు ఎప్పుడో పోయినది. ఈ నవ నాలుగైదు దినములు ఏల నిలుచును?

పురుగు విషము లోపల మిగిలినదని పెద్దలు చెప్పుదురు. తేలు, కందిరీగల విషయమున విషము మాట నిజమే. దోమ, నల్లి వంటివి లోనికి వదలునది మాత్రము ఉమ్మి. రక్తము గడ్డకట్టకుండ చేయుటకు దోమకు అది అవసరము. ఆ ఉమ్మిలోని మాంసకృత్తులను మన శరీరము పరాయివిగా గుర్తించును. చర్మములోని మాస్టు కణములు హిస్టమిను అను పదార్థమును విడువగా, నిమిషములలో దద్దు లేచి కొంతసేపటికి అణగును. పిదప తెల్లరక్తకణములు నెమ్మదిగా అచ్చటికి చేరును. ఈ రెండవ ప్రతిక్రియ సుమారు ఒకటి, ఒకటిన్నర దినములకు ముదిరి, దినముల తరబడి నిలుచును. మనలను వేధించునది ఇదియే. అనగా దురద పుట్టించునది దోమ కాదు, మన దేహమే!

1946లో కెన్నెత్ మెలన్బీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక వింతను ప్రకటించెను. ఒక జాతి దోమకాటును అదివర కెరుగని వారికి మొదట ఏమియు కాలేదు. కొన్నాళ్లకు ఆలస్యముగా దద్దు వచ్చెను. తరువాత వెంటనే వచ్చు దద్దు కూడ తోడయ్యెను. అటుపిమ్మట వెంటనే వచ్చునది మాత్రమే మిగిలెను. తుదకు అదియు మానెను. ఒకే ఇంట తాత నిశ్చింతగా నిద్రింపగా మనుమడు కాళ్లు గోకికొనుచు కూర్చుండుటకు ఇది యొక ముఖ్య కారణము.

గోకినపుడు కలుగు నొప్పి దురదను క్షణకాలము కప్పివేయును. కాని చర్మము చెడి వాపు హెచ్చును. గోళ్ల మురికితో చీము పట్టును. సబ్బుతో కడిగి, చల్లని తడిగుడ్డను పది నిమిషములుంచి, కాలమైను పూయుట మేలు. సున్నము పూయరాదు, అది చర్మమును కాల్చును. వైద్యుని అడుగక దుకాణపు ఘాటైన లేపనములను వాడుటయు తగదు. దురద రాత్రివేళ హెచ్చి, వ్రేళ్ల సందులకు ప్రాకి, ఇంటిలో ఇతరులకును వచ్చినచో అది గజ్జి కావచ్చును. అప్పుడు ఇంటిల్లిపాదికి ఒకేమారు మందు వాడవలెను. కుట్టిన వెంటనే పెదవులు వాచి ఊపిరి ఆడకున్నచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

దురద లేని కాటు ఒకటి కలదు. అసలు భయపడవలసినది దానికే. పొదలలో, గడ్డిలో నుండు ఒక నల్లి జాతి పిల్లపురుగు కంటికి కనబడనంత చిన్నది. అది కుట్టినచోట కొందరికి నొప్పిగాని నవగాని లేని నల్లని పొక్కు, సిగరెట్టుతో కాల్చినట్లు, ఏర్పడును. పిదప జ్వరము, తలనొప్పి వచ్చును. ఇదియే స్క్రబ్ టైఫస్. చిత్తూరు ప్రాంతములోను, ప్రక్కనున్న వేలూరు ప్రాంతములోను ఇది కలదు. సకాలములో డాక్సీసైక్లిను ఇచ్చిన సాధారణముగా రెండు మూడు దినములలో జ్వరము దిగును, ఆలస్యమైనచో ప్రాణాపాయము. ఆ పొక్కు తరచు చంకలలో, గజ్జలలో, నడుము వద్ద దాగియుండును. జ్వరపడిన పిల్లవానికి ఏ పురుగు కుట్టినట్లును గుర్తు లేకపోయినను, ఆ చోట్లు చూచి వైద్యునికి చూపవలెను.