పెద్దవారి ప్రయాణం – ఇంటివారు తీసుకోవలసిన జాగ్రత్తలు

మనవరాలి పెళ్ళికనో, పట్నంలో ఉన్న కొడుకు ఇంటికనో, పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవడానికనో వయసు మళ్ళినవారికి దూర ప్రయాణాలు తప్పవు. విశాఖపట్నం నుంచి సికింద్రాబాదుకు రైలులో సుమారు 12 గంటలు పడుతుంది. వయసులో ఉన్నవారు ఒక నిద్ర తీసి దిగిపోతారు. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్న 70 ఏళ్ళ మనిషికి మాత్రం ఆ 12 గంటల్లో నీళ్ళు, తిండి, మందులు అన్నీ వేళ తప్పుతాయి. ముందుగా ఏర్పాట్లు చేసుకుంటే చాలావరకు ఇబ్బంది లేకుండా వెళ్ళి రావచ్చు.

నీళ్ళు తాగడం మాననివ్వకండి

"మాటిమాటికీ బాత్రూముకు లేవాలి, అందరికీ ఇబ్బంది" అని చాలామంది పెద్దవారు బయలుదేరే ముందే నీళ్ళు తగ్గించేస్తారు. కొందరు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రను కూడా మానేస్తారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పరు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. అందువల్ల ఒంట్లో నీరు తగ్గినా వారికి తెలియదు. కళ్ళు తిరగడం, మాట తడబడడం, తూలి పడడం వంటివి ఇలాగే వస్తాయి. ఆ మాత్ర మానేస్తే గుండె జబ్బు ఉన్నవారికి ఆయాసం రావచ్చు.

కాబట్టి కొద్దికొద్దిగా నీళ్ళు తాగిస్తూ ఉండండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళు కొలిచి తాగమని డాక్టరు చెప్పి ఉంటే ఆ కొలత పాటించండి. ప్రయాణం రోజున మూత్రం మాత్ర ఏ వేళకు వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానిపించకండి.

మందుల సంచి చేతిలోనే ఉండాలి

మందులు పెద్ద సూట్‌కేసులో పెట్టి సీటు కిందకు తోసేయకండి. చిన్న సంచిలో దగ్గరే ఉంచండి. ఉండే రోజులకు సరిపడా మందులతో పాటు మరో 4 రోజులకు అదనంగా తీసుకెళ్ళండి. మాత్రలు విడదీయకుండా అట్టలతోనే ఉంచండి. అట్టమీద కంపెనీ పెట్టిన పేరుతోబాటు అసలు మందు పేరు కూడా ఉంటుంది. వేరే ఊళ్ళో ఆ కంపెనీది దొరకకపోయినా, అసలు పేరు చూసి డాక్టరు అదే మందు ఇవ్వగలరు.

ఇన్సులిన్‌ను ఎండలో, ఆపి ఉంచిన కారులో వదలకండి. ఐసు గడ్డకు తగిలేలా కూడా పెట్టకండి. గడ్డ కట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

షుగరు పడిపోతే

భోజనం ఆలస్యమవుతుందని తెలిసినప్పుడు ఇన్సులిన్, షుగరు మాత్ర ముందే ఇవ్వకండి. డాక్టరు చెప్పిన ప్రకారం భోజనం చేతికి వచ్చాకే ఇవ్వండి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే 3 చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే వైద్య సహాయం కోరండి.

కూర్చునే ఉండకూడదు

4 గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. గంటకోసారి పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి. బస్సు ఆగినప్పుడు చెయ్యి పట్టుకుని నాలుగు అడుగులు వేయించండి. ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రైలులో 60 ఏళ్ళు దాటిన పురుషులకు, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఖాళీని బట్టి కింది బెర్తు ఇస్తారు. టికెట్టు తీసుకునేటప్పుడు వయసు సరిగ్గా రాయించండి. రాత్రిపూట ఒక్కసారిగా లేవనివ్వకండి. బెర్తు అంచున ఒక నిమిషం కూర్చున్నాక లేపి, బాత్రూము దాకా తోడు వెళ్ళండి.

జేబులో ఒక చీటీ

పేరు, వయసు, ఉన్న జబ్బులు, వాడే మందులు, పడని మందు, ఇంటివారి ఇద్దరి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి జేబులోనో చేతిసంచిలోనో పెట్టండి. నంబర్లు సెల్‌ఫోన్‌లో ఉంటే చాలదు. మనిషి మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ చీటీయే డాక్టరుకు దారి చూపిస్తుంది. రైలులో అవసరమైతే 139కి, రోడ్డు మీద 108కి లేదా 112కి ఫోన్ చేయండి.

ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు, ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా బయలుదేరకూడదు.

"నాకేం కాదులే, మీరు కంగారుపడకండి" అనడం పెద్దవారికి అలవాటు. ఆ మాట విని ఊరుకోకుండా, "నీళ్ళు తాగారా? మాత్ర వేసుకున్నారా? బాత్రూముకు వెళ్దామా?" అని మీరే అడుగుతూ ఉండండి. మీరు అడిగితే వారికి మొహమాటం ఉండదు.