ముప్ఫై ఆరు సున్నాలు

“భూమి మనల్ని అంత గట్టిగా లాగుతోంది కదా తాతయ్యా, మరి ఈ నులక తెగి మనం కిందపడమేం?” అని అడిగింది మనవరాలు, మంచం మీద ఎగురుతూనే.

తెగితే మీ అమ్మమ్మ చేతిలో నాకు ఉంటుందిలే గానీ, ప్రశ్న మాత్రం బాగుందమ్మా. ఒక పక్క 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోల భూమి. ఇంకో పక్క వేలెడు మందం లేని నులక. పోటీలో నిలబడుతున్నది నులకే! దాని అణువులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది విద్యుద్బలం. దాని ముందు గురుత్వాకర్షణ ఎంత బక్కదో, వాటిని కొలిచిన వాళ్ళ సరంజామా చూస్తేనే తెలిసిపోతుంది. 1785లో ఫ్రాన్సులో కూలుంబ్ సన్నని తీగకు పుల్ల వేలాడదీసి, బెండు ముక్కతో చేసిన చిన్న గుండ్లతోనే విద్యుద్బలాన్ని కొలిచేశాడు. అదే మెలిక తీగ ఉపాయంతో 1798లో లండన్‌లో కావెండిష్ గురుత్వాన్ని కొలవబోతే, ఒక్కొక్కటి 158 కిలోలుండే రెండు సీసపు గుండ్లు కావలసి వచ్చాయి. మనిషి ఒంటి వేడికి గాలి కదిలినా లెక్క చెడుతుందని, ఆయన గది బయటే నిలబడి దూరదర్శినిలోంచి చూశాడు.

దూరం రెట్టింపయితే రెండు బలాలూ నాలుగో వంతుకి పడిపోతాయి. అందుచేత రెండు ప్రోటాన్లను అంగుళం ఎడంలో పెట్టినా, ఆమడ దూరంలో పెట్టినా వాటి మధ్య ఆ రెండు బలాల నిష్పత్తి మారదు. వికర్షణ ఆకర్షణ కంటే 10³⁶ రెట్లకు కాస్త ఎక్కువే. మన లెక్కలో పది కోట్ల కోట్ల కోట్ల కోట్ల కోట్ల రెట్లు. ఊపిరి తీసుకో! ఎలక్ట్రాన్ల మధ్య అయితే ఇంకా అన్యాయం, 42 సున్నాల తేడా. ఆవేశం అంతే, బరువు మాత్రం ప్రోటాన్‌లో 1836వ వంతు మరి.

ఇంత బలం ఉండి కూడా చంద్రుణ్ణి తిప్పేది విద్యుత్తు కాదేం? ఆస్తులెన్నో అప్పులూ అన్నే ఉన్న జమీందారు లాంటిది విద్యుత్తు. ధనావేశం, ఋణావేశం కొట్టేసుకుపోయి చేతిలో చిల్లిగవ్వ మిగలదు. గురుత్వంలో అప్పు పద్దే లేదు, ప్రతి కణమూ జమే. ఈ కొట్టివేత ఎంత కచ్చితమో చూడు. ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాల మధ్య 10¹⁸లో రెండు వంతుల తేడా ఉంటే చాలు, విశ్వం అలా విస్తరిస్తూ పోవడానికి అదే కారణం కావచ్చని 1959లో లిటిల్టన్, బోండీ అనే శాస్త్రజ్ఞులు అన్నారు. ఊహ అందమైనదే. ప్రయోగాలు దాన్ని నిలవనివ్వలేదు. తేడా అనేది ఉంటే 10²¹లో ఒక వంతు కూడా ఉండదని తేలింది.

సరే, జమ చేసుకుంటూ పోతే గురుత్వం ఎప్పటికి నెగ్గుతుంది? ఇక్కడే నాకు బాగా ఇష్టమైన లెక్క ఉంది. కణాలను ముద్దగా పోగు చేస్తూ పో. వాటి సంఖ్యకు మూడు సున్నాలు చేరినప్పుడు, ఒక్కొక్క కణం మీద గురుత్వం పట్టుకు రెండు సున్నాలే చేరతాయి, ముద్ద కూడా లావెక్కుతుంది కాబట్టి. 36 సున్నాల లోటు పూడాలంటే మరి? 54 సున్నాలన్ని కణాలు కావాలి. ఆకాశంలో అలాంటి ముద్ద ఉందా అంటే ఉంది. గురుగ్రహంలో ఉన్న ప్రోటాన్లు, న్యూట్రాన్లు దాదాపు అన్నే!

అంతకంటే బాగా చిన్నవాటిలో పెత్తనం విద్యుత్తుదే. 34 కిలోమీటర్ల పొడవున్న ఎరోస్ అనే గ్రహశకలం వంకర చిలగడదుంపలా ఉండిపోయింది, దాని రాయిని గుండ్రంగా నొక్కే సత్తా దాని గురుత్వానికి లేదు. సుమారు 940 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న సిరీస్ అనే మరుగుజ్జు గ్రహానిది మాత్రం గుండ్రని ఆకారమే. గురుగ్రహం దగ్గరకొచ్చేసరికి కథ తిరగబడుతుంది. దాని మీద ఇంకెంత హైడ్రోజన్ కుమ్మరించినా పెద్దగా లావెక్కదు, కొంత దాటాక నలిగి చిన్నదవుతుంది కూడా. అలా కుమ్మరిస్తూ ఇంకో మూడు సున్నాలు చేర్చావంటే సూర్యుడే. అక్కడ ఆ నొక్కుడుకి నడిమధ్య కోటిన్నర డిగ్రీల వేడి పుట్టి, ఒకదానికొకటి పడని ప్రోటాన్లు కూడా వెళ్ళి కలిసిపోతున్నాయి.