నష్టమును నేర్పెడి పాఠశాల

గడచిన సంక్రాంతికి మా అక్కగారి కుమార్తె ఉత్తర అమెరికాలోని తన విశ్వవిద్యాలయమునుండి సెలవుపై వచ్చి మా పుట్టినింట నాలుగు దినము లుండెను. భోజనములైన పిమ్మట మా యమ్మ తమలపాకునకు సున్నము రాయుచు, “నీవు చదువుచున్న చదువేమే?” అని యడిగినది. “ఫైనాన్షియల్ ఇంజనీరింగు, అమ్మమ్మా” అని పిల్ల బదులు చెప్పెను. ఇంజనీరనగా వంతెనలు కట్టువాడని మాత్రమే యెరిగిన మా యమ్మ, “అందు మీచేత నేమి కట్టింతురు?” అని మరల నడిగెను. పిల్ల నవ్వి, “కట్టుట తరువాతి మాట. మొదటి దినముననే పది లక్షల డాలర్లు పోగొట్టి వచ్చితిని” అన్నది. మా యమ్మ చేతిలోని యాకు జారి క్రింద పడెను.

అవి నిజమైన డాలర్లు కావనియు, పాఠము నిమిత్తము తరగతిలో కల్పించి యిచ్చిన ఉత్తుత్తి ధనమనియు తెలిసిన పిమ్మట అందరమును నవ్వితిమి. మా తమ్ముడు మాత్రము నవ్వలేదు. “నాకును అట్టి తరగతి యొకటి దొరికియుండినచో!” అని లేచి వాకిటిలోనికి పోయెను. ఆ మాట వెనుకనున్న కథ కడపట చెప్పెదను. ముందుగా ఆ చదువెట్టిదో, డబ్బు పోగొట్టుటను పాఠముగా నేల యుంచిరో సోదరీమణులకు విన్నవింతును.

ధరలు నిలుకడ లేనివి. ఆ నిలుకడలేమివలన గలుగు హాని నుండి రైతును, వర్తకుని, కర్మాగారమును కాపాడుటకు గణితశాస్త్ర సహాయమున ఒప్పందములను కల్పించుటయు, వానికి న్యాయమైన వెల కట్టుటయు ఈ విద్య పని. ఒక యుదాహరణము చూతము. మనమొక రైతుతో, “ఉగాదినాటికి బస్తా 2,000 రూపాయల చొప్పున ధాన్య మిచ్చుటకు ఒప్పుకొనుము. అందులకై బస్తాకు 100 రూపాయలు ఇప్పుడే యిచ్చెదను. కావలసిన కొందును, లేకున్న నీ నూరు నీదే” అని ఒడంబడిక చేసికొంటి మనుకొనుడు. ఉగాదికి ధర 2,400 అయినచో, ఇచ్చిన నూరు పోగా బస్తాకు 300 మిగులును. ధర 1,700 అయినచో బజారులోనే కొందుము. నష్టము 100 మాత్రమే. రైతు సంగతి వేరు. ధర 3,000 అయినను అతడు 2,000 కే యీయవలెను. కొన్నవాని నష్టమునకు గట్టున్నది. అమ్మినవాని నష్టమునకు గట్టు లేదు. ఇట్టి హక్కునకే ఆప్షన్ అని పేరు.

ఆ నూరు రూపాయలు న్యాయమైన వెలయా, కాదా? ఈ ప్రశ్నకు ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ అను నిరువురు 1973లో ఒక సూత్రమును ప్రకటించిరి. రాబర్ట్ మెర్టన్ దానిని విస్తరించెను. ఆ యేడే చికాగో నగరమున ఆప్షన్లకై ప్రత్యేకముగా నొక విపణి తెరవబడెను. బ్లాక్ 1995లో కాలధర్మము నొందగా, తక్కిన యిరువురికిని 1997లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. కార్నెగీ మెలన్ వంటి విశ్వవిద్యాలయములు 1994 ప్రాంతమునుండియే ఈ విద్యకు ప్రత్యేక పట్టములు నెలకొల్పినవి.

అయితే సూత్రము తెలిసినంత మాత్రమున చేయి తిరుగునా? మెర్టన్, షోల్స్ పండితులు భాగస్వాములుగా నున్న లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజిమెంటు అను సంస్థ, వారు బహుమాన మందుకొనిన మరుసటి సంవత్సరమే, 1998లో, కొలది మాసములలో 400 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకొనెను. పదునాలుగు పెద్ద సంస్థలు చేయి కలిపి దానిని పట్టుకొనవలసి వచ్చెను. గణిత మెరుగనివారు కారు వారు. గణితము కాగితముపై నున్నప్పుడు మనస్సు నిలుచును. ధర క్రిందికి పరువెత్తునప్పుడు మనస్సు నిలువదు. ఈ రెండవ సంగతి గ్రంథములు నేర్పజాలవు.

పూర్వము దీనిని నేర్పుటకు విపణియే బడిగా నుండెను. కుఱ్ఱవాడు వర్తకుని వెంట బోయి, గుమిగూడి కేకలు వేయుచు బేరమాడువారి నడుమ నిలువబడి, ముఖములు చూచి, కంఠస్వరములు విని నేర్చుకొనెడివాడు. బొంబాయిలో 1995లో యంత్రములు వచ్చి ఆ కేకల బేరము క్రమముగా నంతరించెను. టొరంటో నగరపు విపణి తన బేరముల కూటమిని 1997లో మూసివేసెను. బేరము తెరపైకి పోయినది; శిష్యుడు నిలువబడుటకు చోటు లేకపోయినది.

ఆ లోటు తీర్చుటకే విశ్వవిద్యాలయములు తమ ప్రాంగణములలో ట్రేడింగ్ ఫ్లోర్ అను బేరపు గదులను కట్టించినవి. గోడపై ధరలు పరువులిడుచుండును. బల్లలు వరుసలుగా నుండి, ఒక్కొక్క విద్యార్థి యెదుట రెండు మూడు తెర లుండును. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన రాట్‌మన్ కళాశాలవారు ఇందులకై రాట్‌మన్ ఇంటరాక్టివ్ ట్రేడర్ అను సాధనమును నిర్మించిరి. ఇతర విశ్వవిద్యాలయము లనేకము దానిని వాడుచున్నవి. మా పిల్ల చదువు చోటను అదియే. దానిలో విద్యార్థులు ఒకరితో నొకరు కొని యమ్ముదురు. వారి బేరములే ధరను కదలించును. నెలనాళ్ల వ్యాపారము కొలది నిమిషములలో ముగియును. నడుమ నడుమ వార్తలు వచ్చి పడుచుండును.

పాఠములు పలువిధములు. ఒకదానిలో ఒక పెద్ద సంస్థ హఠాత్తుగా, “మా వాటాలు వేలకొలది యున్నవి. ఈ ధరకు మొత్తముగా కొందువా?” అని యడుగును. ధర చౌకగనే తోచును. కాని బండెడు మామిడిపండ్లు ఒక్క వీధిలో ఒక్కమారు దింపిన వెల పడిపోవునట్లు, కొన్నదంతయు తొందరపడి యమ్మిన ధర కూలును. ఎంత కొంత, ఎంత యెడముతో నమ్మవలెనో నిర్ణయించుకొనుటయే ఆ పాఠము. మఱియొకదానిలో ఆప్షన్ల కెవరు తప్పు వెల కట్టిరో సూత్రమున కనిపెట్టవలెను. అంతతో చాలదు. హక్కు నమ్మినవాడు ధర యెక్కినకొలది సరకు కొంత కొని నిలువ యుంచుకొనవలెను; దిగినకొలది తగ్గించుకొనవలెను. ఎంత యుంచవలెనో తెలుపు పాలునకు డెల్టా అని పేరు. దానిని హద్దులో నుంచనివారికి జుల్మానా పడును. రాట్‌మన్ కళాశాలవారు 2004 నుండి నానాదేశ విద్యార్థులకు పోటీలు జరుపుచున్నారు. అందు పాతకాలపు కేకల బేరమునుకూడ ఒక పోటీగా నుంచుచు వచ్చిరి. తెరచాటున దాగిన మనుష్యుడు అప్పుడు ఎదుటికి వచ్చును గదా!

మా పిల్ల మొదటి దిన మేమి చేసినదో తానే చెప్పినది. “వాటాలు కొంటిని, పిన్నీ. చెడువార్త వచ్చి ధర తగ్గినది. చౌకయైనది గదా యని మరల కొంటిని. ఇంకను తగ్గినది. ఎక్కడికి పోవును, తిరిగి రాకుండునా యని మరల కొంటిని. ఇంతలో నా హద్దు దాటినదని యంత్రము నా ఖాతా మూసివేసినది.” ఉపాధ్యాయుడు కోపింపలేదట. ఒక కాగిత మిచ్చి రెండు ప్రశ్నలకు సమాధానము వ్రాయుమనెనట: ఏ కారణమున కొంటివి? ఏ ధరవద్ద విడిచిపెట్టవలెనని కొనకముందే యనుకొంటివి? “రెండవ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు, పిన్నీ. ఆ తరగతిలో సగము మందియొద్ద లేదు.”

వారికి చూపు పాత ముచ్చటలు రెండు. జపానులో 2005 డిసెంబరు 8వ తేదీన మిజుహో సెక్యూరిటీస్ వారి ఉద్యోగి యొకడు, ఒక వాటాను 6,10,000 యెన్నులకు అమ్మవలసియుండ, 6,10,000 వాటాలను ఒక్కొక్క యెన్నునకు అమ్మజూపెను. ఆ కంపెనీకి ఉన్న వాటాలే 14,500. ఆ తారుమారు ఖరీదు వేలకోట్ల యెన్నులు. మీట నొక్కకముందు అంకెను మరల చదువుమని ఉపాధ్యాయు డెంత చెప్పినను ఈ కథ చెప్పినట్లుండదు. రెండవది లండనులో 1762లో వెలసిన బేరింగ్స్ బ్యాంకు కథ. సింగపూరులో దాని పక్షమున బేరమాడిన నిక్ లీసన్ తన నష్టములను 88888 అను ఖాతాలో దాచుచు, వానిని పూడ్చుటకై ఇంకను పెద్ద పందెములు వేయుచు, 1995నాటికి 82 కోట్ల పౌనులకు పైగా పోగొట్టెను. రెండువందల యేండ్లు దాటిన బ్యాంకు ఒక్క పౌనునకు అమ్ముడుపోయెను. బేరమాడు చేయియు లెక్క వ్రాయు చేయియు నతనివే యగుటచే దాచుట సాధ్యమైనది. అందువలన మా పిల్ల తరగతిలో ఒకరు బేరమాడుచుండ నింకొకరు లెక్కపై కాపుందురు. ఆగుమని ఆ రెండవవా రన్నచో మొదటివా రాగి తీరవలెను.

ఇది విన్నప్పుడు నాకు అరణ్యపర్వములోని నలోపాఖ్యానము స్ఫురించినది. నలుడు జూదమున రాజ్యము కోల్పోయి బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలెను. దారిలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూచినంతనే దాని కాయల లెక్క చెప్పగా, నలుడు నమ్మక రథ మాపి తానే లెక్కించి చూచి సరిపోవుట కాశ్చర్యపడెను. ఋతుపర్ణు డతనికి అక్షహృదయ మిచ్చెను; నలు డతనికి అశ్వహృదయ మిచ్చెను. ఒకటి లెక్క, రెండవది పగ్గముపై చేయి. నేటి విద్యార్థికి ఈ రెండును కావలెను. లెక్క గురువు చెప్పగలడు. పగ్గము తాను పట్టిననే గాని రాదు. ఆ కథలోనే దమయంతిని మరువరాదు. భర్త యోడుచుండుట చూచి, ఎంత చెప్పినను వినకుండుట చూచి, ఆమె యింకను గెలుచునేమో యని కూర్చుండలేదు. సారథి వార్ష్ణేయుని పిలిపించి బిడ్డల నిరువురను పుట్టినింటికి పంపివేసెను. పందెము చేరరాని చోట కొంత భద్రపరచుట ఆనాడే ఒక గృహిణి చేసిన పని.

ఇక మా తమ్ముని కథ. అతడు గణితమున దిట్ట, హైదరాబాదులో నుద్యోగము. 2022లో చేతి ఫోనులోని యొక సాధనముతో ఆప్షన్ల బేరము మొదలుపెట్టెను. డెల్టా యననేమో అతడు మా పిల్లకన్న ముందే చదివెను. అయినను ఆగవలసిన చోటు ముందుగా వ్రాసికొనలేదు. ఆగుమని చెప్పుటకు ప్రక్కను మరియొకరు లేరు. ఇంటిస్థలమునకై కూడబెట్టినది పోయెను. మరదలి గాజులు కుదువకు పోయెను. నాలుగు లక్షలు పోయినవని మాతో చెప్పెను.

అతడొక్కడే కాడు. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన విచారణ ప్రకారము, అంతకుముందటి మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ బేరములాడిన వ్యక్తులు కోటికి పైగా నుండగా, వారిలో నూటికి 93 మంది నష్టపోయిరి. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటినది. తలకు రమారమి రెండు లక్షలు. విశ్వవిద్యాలయమున ఉత్తుత్తి ధనముతో, గురువు కన్నుల యెదుట నేర్చుకొనవలసిన పాఠమును వీరు సొంత ధనముతో ఒంటరిగా నేర్చుకొనిరి. ఆ గదిలో చదివిన వారందరును లాభములే గడింతురని నే ననను. ఉత్తుత్తి నష్టము నిజమైన నష్టమువలె మండదు గాన, తెగువ పెంచుకొని వచ్చువారును ఉందురని పిల్లయే యొప్పుకొన్నది. అందుకనియే అచట లాభమునకుకంటె హద్దు తప్పకుండుటకే ఎక్కువ మార్కులట.

మరునాడు పిల్ల అరుగుమీద మా కందరకు ఆ పాఠము చెప్పెను. మనిషికి ఏబది చింతగింజలు మూలధనము. గుమ్మడికాయ సరకు. మా వారు బడిలోవలె పలక పట్టుకొని ధరలు వ్రాసిరి; పిల్ల వార్తలు చదివెను: “వాన పడినది!” “లారీలు ఆగిపోయినవి!” కేకలకు వీధిలోనివారు తొంగిచూచిరి. అరగంటలో నా గింజలన్నియు పోయినవి. కడపట ఎక్కువ గింజలు మిగిలినది మా యమ్మకు. ఆమె మొదటనే ఇరువదియైదు కొంగున ముడివేసికొని, తక్కినవానితోనే ఆడెను. “మూట విప్పవేమమ్మా?” యన్నచో, “ఇవి ఆటవి కావు” అనెను.

మా తమ్ముడు ఆడకముందు తన పలకపై నొక సంఖ్య వ్రాసి మరదలి చేతి కిచ్చెను: “ఇరువది పోయిన వెంటనే నన్ను లేపివేయుము.” ఇరువది పోయినవి. ఇంకొక్క బేర మన్నాడు. ఆమె పలక చూపెను. అతడు లేచెను.

ఆ రాత్రి అతడు అమ్మకును మరదలికిని నాకును నిజమైన లెక్క చెప్పెను. పోయినవి నాలుగు కాదు, తొమ్మిది లక్షలు. మరదలు చాలసేపు మాటాడలేదు. తరువాత లోనికి పోయి పాలలెక్క పుస్తకము తెచ్చి, వెనుకపుటలో ఆ యప్పును వరుసలవారీగా వ్రాయించి, క్రింద తాను సంతకము చేసి, అతనిచేతను చేయించెను. ఇప్పుడు నెలనెలా వారిరువురును కలిసి ఆ పుటను చూచుకొందురు.

సోదరీమణులారా! మన యిండ్లలో నెవరైన ఈ బేరముల కుపక్రమించినచో సూత్రములు మనకు తెలియనక్కరలేదు. ఎంత పోయిన నాగుదువు? కొంగున ముడివేసిన దెంత? నీతోబాటు లెక్క చూచువా రెవరు? ఈ మూడింటిని మొదటి దినముననే యడిగి, సమాధానములను కాగితముపై వ్రాయించుకొనుడు.