ఫెల్టు సూది దొరకనిచో

గొఱ్ఱె ఉన్నిపోచపై సూక్ష్మమైన పొలుసులుండును. అవి పెనవేసికొన్నచో మగ్గము లేకయే ఉన్ని దళసరి ఫెల్టుగా మారును. ఫెల్టుసూది అంచులందలి వాలుగాట్లు పొడిచినపుడెల్ల పోచలను లోనికి లాగుకొనిపోవును. కుట్టుసూది నున్ననిది, ఎంత పొడిచినను ఫలము శూన్యము. ముతకపనికి 36వ నంబరు, పైమెరుగునకు సన్నని 40వ నంబరు తగును. నిలువుగా పొడిచి నిలువుగానే తీయవలెను. వంచినచో విరుగును, వేలికి గ్రుచ్చుకొనును. అడుగున నురుగుదిండునకు బదులు బియ్యము నింపిన గోనెసంచి చాలును.

సూదియే లేనిచో ఉన్నిని అడ్డముగా, నిలువుగా పొరలు పఱచి, వేడి సబ్బునీరు చల్లి, చాపలో చుట్టి దొర్లింపవలెను. బొమ్మలకు కాదు గాని, ఆసనములకు ఇదియే మేలు. తెలంగాణమున గొంగళ్లకు గిరాకి తగ్గి, దక్కను గొఱ్ఱెల ఉన్ని పలుచోట్ల వృథా యగుచున్నది. అది ముతక గనుక త్వరగా ముద్దకట్టదు. మెత్తని ఉన్ని కొంత కలిపి, ముందు అరచేతి మేర తునక చేసి చూడుడు.