గిటార్ ఆంప్‌లో బేస్ వాయించవచ్చా?

నిక్షేపంగా వాయించవచ్చు, కాకపోతే సౌండ్ తక్కువ పెట్టుకోవాలి. ఎందుకు?

గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను మీటితే సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ 41 సార్లే. స్వరం ఎంత కిందికి దిగితే, అంతే గట్టిగా వినిపించడానికి స్పీకర్‌లోని కాగితపు కోన్ అంత ఎక్కువగా ముందుకూ వెనక్కూ కదలాలి. గిటార్ స్పీకర్‌కు అంత కదిలే వీలుండదు. సౌండ్ పెంచారా, గరగరమంటుంది. అయినా ఆపకపోతే స్పీకరే పాడవుతుంది. అందుకే ఆంప్ మీద బేస్ నాబ్ బాగా తగ్గించండి. గరగర మొదలవగానే వాల్యూమ్ దించేయండి. పడగ్గదిలో సాధనకు ఆ కాస్త సౌండ్ చాలు.

భలే విషయం ఒకటుంది. 1952లో ఫెండర్ కంపెనీ బేస్ కోసమే తెచ్చిన బేస్‌మ్యాన్ ఆంప్‌ను గిటార్ వాయించేవాళ్లు ఎగరేసుకుపోయారు!