ఇంగ్లీషు వాక్యానికి తెలుగే ఆసరా

తెలుగులో చదివిస్తే ఇంగ్లీషు రాదేమోనని బెంగపడే తల్లిదండ్రులు మన బడుల చుట్టూ చాలామందే ఉన్నారు. ఆ బెంగతో పిల్లల్ని మాన్పిస్తే తరగతి పలచబడుతుంది, చివరికి తెలుగు సెక్షనే నిలవదు. అందుకే ఆ భయంలో నిజమెంతో చూద్దాం.

ఇంగ్లీషులో పిల్లలు ఎక్కువగా తడబడేది కర్తకు తగిన క్రియ రాయడంలో. నిజానికి ఈ పని మన పిల్లలకు కొత్త కాదు. నేను వస్తాను, నువ్వు వస్తావు, వాడు వస్తాడు, ఆమె వస్తుంది, వాళ్లు వస్తారు, ఆవులు వస్తాయి. బడికి రాకముందే ఇవన్నీ తప్పు లేకుండా పలుకుతారు. ఇంగ్లీషులో వీటన్నిటికీ 'కమ్', 'కమ్స్' అని రెండే రూపాలు. హీ, షీ, ఇట్ లేదా ఒక్కరి పేరో, ఒక్కదాని పేరో కర్తయితే 'కమ్స్', మిగతా చోట్ల 'కమ్'.

మరి తప్పులు ఎక్కడ వస్తున్నాయి? మొదటిది మర్యాద దగ్గర. 'నాన్నగారు వస్తున్నారు' అంటాం కనుక 'మై ఫాదర్ ఆర్ కమింగ్' అని రాస్తారు. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీల్లోనూ గౌరవానికి బహువచనమే వాడతారు. అందువల్ల ఈ తప్పు తెలుగు పిల్లలది మాత్రమే కాదు. ఇంగ్లీషులో ఎంత పెద్దవారైనా ఒక్కరైతే 'ఈజ్' అనే రాయాలని చెబితే చాలు.

రెండోది, 'మా అమ్మ టీచరు' అంటే మనకు క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషులో 'ఈజ్' లేనిదే వాక్యం నిలవదు. అలాగే మనం 'వచ్చాను' అని ఊరుకున్నా చెల్లుతుంది. అక్కడ 'ఐ' ఉండి తీరాలి.

మూడోది పొడుగు వాక్యాలు. 'ది బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్' తర్వాత 'ఈజ్' రావాలా, 'ఆర్' రావాలా? పక్కనున్న మ్యాంగోస్‌ని చూసి పిల్లలు 'ఆర్' రాస్తారు. అదే తెలుగులో చెప్పించండి: 'మామిడిపళ్ల బుట్ట బరువుగా ఉంది.' బరువుగా ఉన్నది బుట్ట అని 'ఉంది' అనే మాటే చెప్పేస్తుంది. బుట్ట ఒక్కటే కనుక 'ఈజ్'. 'నా స్నేహితుల్లో ఒకడు ఇక్కడే ఉంటాడు' అన్నప్పుడూ అంతే. కర్త 'ఒకడు' కనుక 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ హియర్' అవుతుంది.

టీచర్లు ఈ పోలికల్ని నల్లబల్ల మీద పక్కపక్కన రాసి చూపితే సూత్రం బట్టీ పట్టే పని ఉండదు. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడా ఇంట్లో సాయపడవచ్చు. పాఠంలోని వాక్యానికి అర్థం తెలుగులో చెప్పించి, "ఎవరి గురించి? ఒకరా, ఎక్కువమందా?" అని అడగండి. ఆ జవాబుతోనే సరైన క్రియ దొరుకుతుంది. ఇంగ్లీషు కోసం తెలుగు మాన్పించడమంటే, పిల్లల చేతిలో ఉన్న ఈ సాధనాన్ని మనమే లాగేసుకోవడం.